పెబ్బేరు సంతలో అద్దె బొమ్మ

నా ఉద్యోగ జీవితంలో నన్ను తిట్టినవాళ్లున్నారు, కొట్టబోయినవాళ్లున్నారు, ఒక టాకీసు వాకిట్లో అందరి ముందూ చొక్కా పట్టుకున్నవాడూ ఉన్నాడు. వాళ్లెవరి ముఖాలూ ఇప్పుడు గుర్తు లేవు. నాకు ఏ కీడూ చేయని ఒక మనిషి మాత్రం రిటైరైన తర్వాత కూడా రోజూ గుర్తొస్తుంది. ఆమె అంటే నాకు అసూయ. కుళ్లు అనండి, అదే సరైన మాట.

కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలు కొందరు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. తోటివాళ్లకు ముందు ప్రమోషన్ వచ్చిందనీ, సారు తమ పక్క చూడటం లేదనీ చెప్పుకుంటారు. ఓదార్పుగా రెండు మాటలు చెప్పి పంపించేవాణ్ణి. ఇక ఓదార్చదలచుకోలేదు. నా కథే చెబుతాను, వినండి.

నేను సినిమా పంపిణీ ఆఫీసులో రిప్రజెంటేటివ్‌ని. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు టాకీసులకు మా ఆఫీసు సినిమాలు ఇస్తే, వాటి వెంట వెళ్లి, ఆట ఆటకూ ఎన్ని టికెట్లు తెగాయో చూసి, మా యజమాని సేటుకు చెప్పడం నా పని. రీళ్ల పెట్టెలను బస్సు మీద వేసుకుని తిరిగిన కాలం నుంచి ఉన్నాను. నేను టాకీసు గేటు దాటగానే మేనేజరు కుర్చీలోంచి లేచేవాడు. చాయ్ దానంతటదే వచ్చేది. అంతకంటే పెద్ద ఉద్యోగం ఇంకోటి ఉంటుందని నాకు తోచలేదు.

తర్వాత ఫోన్లు వచ్చాయి. పొద్దున విడుదలైన సినిమాను ఎవడో టాకీసులో కూర్చుని ఫోన్‌తో తీసేవాడు. మర్నాటికల్లా అది సెల్ దుకాణాల్లో ఉండేది. చిల్లర ఇస్తే మెమరీ కార్డులో ఎక్కించి ఇచ్చేవాళ్లు. టాకీసులు ఖాళీ అవుతుంటే సేటు నన్ను పిలిచి, "ఈ దొంగలను నువ్వే పట్టాలె" అన్నాడు. ఆ పనిలో నేను గట్టివాణ్ణి. దుకాణం ముందు జనం నిలబడిన తీరు చూస్తే లోపల ఏం అమ్ముతున్నారో తెలిసిపోయేది. పోలీసును వెంటబెట్టుకుని వెళ్లి, కంప్యూటర్ తీయించి, కేసు రాయించేవాణ్ణి. ఆఫీసులో నా పేరే మారిపోయింది, 'రైడు సారు' అనేవాళ్లు. మూయించిన దుకాణం వారానికల్లా మళ్లీ తెరుచుకునేది. ఆ సంగతి నాకూ తెలుసు, సేటుకూ తెలుసు. ఇద్దరమూ మాట్లాడుకునేవాళ్లం కాదు.

ఆ రోజుల్లోనే ఆమె మా ఆఫీసులో చేరింది. గద్వాల పిల్ల. వాళ్లింట్లో అందరూ మగ్గం పనివాళ్లే. ఈమె ఒక్కతే కంప్యూటర్ చదువుకుంది. అప్పటికి రీళ్లు పోయి సినిమా చిన్న డబ్బాలో వచ్చేది. ఆ డబ్బాను తెరవాలంటే ఏ టాకీసుకు ఆ టాకీసు తాళం ఆఫీసు నుంచి కంప్యూటర్లో పంపాలి. ఆ తాళాలు పంపడం ఆమె ఉద్యోగం. గట్టిగా నవ్వేది, తింటూ మాట్లాడేది, టైముకు వచ్చిన రోజు తక్కువ. చేరిన కొత్తలోనే నాగర్‌కర్నూల్ తాళాన్ని వనపర్తికి పంపింది. రెండు ఊళ్లలోనూ తెర వెలగలేదు. వనపర్తిలో జనం కుర్చీలు విరిచారు. నేను లోలోపల సంతోషపడుతూ సేటు గదిలోకి వెళ్లాను.

సేటు నవ్వుతున్నాడు. "కొత్త పిల్ల కదనయ్యా. నేర్చుకుంటది తీ" అన్నాడు.

ఎప్పుడో నేను ఒక రీలు పెట్టెను బస్సులో మరిచిపోతే ఇదే సేటు నెల రోజులు నాతో మాట్లాడలేదు. ఆ నెల నాకు గుర్తొచ్చింది. నా కుళ్లు అక్కడ మొలకెత్తింది.

ఒకరోజు సేటు అందరినీ కూర్చోబెట్టి, జనం దొంగ కాపీలు ఎందుకు కొంటున్నారో చెప్పమన్నాడు. నేను ముందే లేచాను. "భయం లేక సేటూ. ఇంకో నలుగురిని లోపలేపిస్తె అదే వస్తది" అన్నాను.

ఆమె చేతిలో బిస్కెట్ పట్టుకునే మాట్లాడింది. "భయం లేక కాదు సార్, దారి లేక. మా అమ్మ మగ్గం దిగి టాకీసుకు ఎన్నడు పోవాలె? ఆటో కిరాయి, టికెట్, ఇంట్ల చిన్నపిల్లలు. సిన్మా ఇంటికే వస్తె సూస్తది. ఇంటికి తెచ్చిచ్చేటోడు ఇయ్యాల ఎవడున్నడు? దొంగోడొక్కడే. మనమేడ ఇస్తున్నం?"

"ఇస్తె?" అన్నాడు సేటు.

"ఫోన్లనే కిరాయికి ఇద్దాం. రెండు రోజులు సూస్కోవచ్చు. మిర్చి బజ్జీలు ఒక ప్లేటు ఎంతనో గంతే పెడదాం. బొమ్మ సాఫుగ ఉండాలె, మాట సాఫుగ ఇనపడాలె."

నేను పకపకా నవ్వాను. "ఉత్తగ దొరికేదానికి పైసలిచ్చేటోడు పాలమూరుల పుట్టిండా బిడ్డా?"

నవ్వింది నేనొక్కణ్ణే. సేటు గడ్డం గోక్కుంటూ ఆమె వైపే చూస్తున్నాడు. సేటు చూపు అలా ఒక మనిషి మీద ఆగిపోతే దాని అర్థం నాకు తెలుసు. అంతకు ముందు చాలా ఏళ్లపాటు ఆ చూపు నా మీదే ఆగేది.

పెద్ద సినిమాల వాళ్లెవరూ దానికి ఒప్పుకోలేదు. ఒప్పుకున్నది మానవపాడు వైపు నుంచి వచ్చిన ఒక కుర్రవాడు. వాళ్లది మిర్చి పండించే కుటుంబం. పంట మీద వచ్చిందీ స్నేహితులు వేసిందీ పెట్టి మన మాటలతో, మన ఊళ్ల మనుషులతో ఒక సినిమా తీశాడు. పెద్ద హీరో లేడు. టాకీసులు నాలుగు రోజులకు మించి ఇవ్వలేమన్నాయి. ఆ సినిమాను టాకీసులో వేసిన రోజునే ఫోన్‌లో అద్దెకు కూడా ఇవ్వాలని తేల్చారు. హైదరాబాద్‌లో ఒక చిన్న కంపెనీ యాప్ తయారు చేసి ఇచ్చింది. ఫోన్‌లోంచి డబ్బు కట్టడం రానివాళ్ల కోసం ఆమె ఇంకో ఉపాయం చెప్పింది. రీచార్జి కార్డులాంటి కార్డు, గీకితే నంబరు, ఆ నంబరు కొడితే సినిమా.

ఈ పనికి ఆమెకు ఒక గది కావాల్సి వచ్చింది. ఆఫీసులో కూలర్ ఉన్నది నా గదిలోనే. సేటు వచ్చి, "నువ్వు ఎట్లనో బయట తిరిగేటోడివే కదా" అన్నాడు. నా బల్లను వరండాలోకి మార్చారు. మంచి ఎండాకాలం. లోపల కూలర్ చప్పుడు, ఆమె నవ్వు రెండూ నాకు వినిపిస్తుండేవి. ఆఫీసు చాయ్ ముందు ఆమె గదిలోకి వెళ్లి, తర్వాత నా దగ్గరికి వచ్చేది. చల్లారి వచ్చేదని అనను. తర్వాత వచ్చేది, అంతే.

టాకీసుల మేనేజర్లు ఆమెను ఏమీ అనలేదు, నన్ను పట్టుకున్నారు. "మీ ఆఫీసే మా కడుపు కొడుతుందా అన్నా?" అని వనపర్తిలో ఒకాయన అడిగాడు. కుర్చీలోంచి లేవకుండానే అడిగాడు.

సినిమా విడుదలైంది. మర్నాటికి దొంగ కాపీ ఫోన్లలోకి వచ్చేసింది. ఎవడో గద్వాల టాకీసులో కూర్చుని తీశాడు. సినిమా తీసిన కుర్రవాడు పొద్దున్నే మా ఆఫీసుకు వచ్చి, మోకాళ్ల మధ్య చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. ఆమె గదిలో నవ్వు వినిపించడం లేదు. సేటు అటూ ఇటూ నడుస్తున్నాడు.

నాకు సంతోషం వేసింది. దాచి లాభమేముంది? ఎండలో వరండాలో కూర్చున్నవాడికి గాలి తగిలినట్టయింది. సేటు ముందుకు వెళ్లి, "ఇయ్యాల పెబ్బేరు సంత. దొంగ కాపీలు అమ్మేటోళ్లకు పండుగ ఇయ్యాలనే. నేను పోయొస్త. నా పని నన్ను చేయనియ్యి" అన్నాను. సేటు తల ఊపాడు. కుర్రవాడు తానూ వస్తానని లేచాడు.

పెబ్బేరు సంత తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. ఎడ్ల కోసం ఎక్కడెక్కడినుంచో వస్తారు. కొమ్ములకు రంగులు, మెడల్లో గంటలు, బేరాలు, దుమ్ము. సంతకు వెళ్లే దారిలో ఒక సెల్ దుకాణం ఉంది. దాని యజమానిని నేను అంతకుముందు రెండుసార్లు పట్టించాను. ఠాణా నుంచి ఒక కానిస్టేబుల్‌ను అడిగి తీసుకుని, దూరం నుంచే చూశాను. దుకాణం ముందు జనం కిక్కిరిసి ఉన్నారు. భుజాల మీద పలుపుతాళ్లు, చేతుల్లో ఫోన్లు. నాకు కావాల్సింది అదే. దొంగ దొరికాడు, ఆమె ఉపాయం దుమ్ములో కలిసింది అనుకుంటూ గబగబా జనాన్ని తోసుకుని ముందుకు వెళ్లాను.

దుకాణం అతను నన్ను చూసి పారిపోలేదు. ముఖం వెలిగిపోతూ రెండు చేతులూ జోడించాడు.

"రాండ్రి సార్, రాండ్రి! మీకోసమే సూస్తున్న. ఉన్న కార్డులన్ని అయిపోయినయ్. మేడం మీతోటి పంపిందా?"

కానిస్టేబుల్ నా వైపు చూశాడు.

"ఏం కార్డులు?" అన్నాను.

"గదే సార్, గీకే కార్డులు. మన సిన్మా కిరాయివి. మేడం మొన్న బస్సుల వచ్చింది కదా, మీకు చెప్పలేదా? గీడనే స్టూలు మీద కూసొని, బజ్జీలు తెప్పిచ్చుకొని తినుకుంట మాట్లాడింది. 'అన్నా, దొంగ బొమ్మ అమ్మితె నీకు మిగిలేది ఎంత, ఫికర్ ఎంత? నా కార్డు అమ్ము, నీ వాటా నీకిస్త, పోలీసొస్తె చాయ్ పొయ్యి' అన్నది." అతను కానిస్టేబుల్ వైపు తిరిగి, "చాయ్ తాగుతరా సార్?" అని అడిగాడు.

తర్వాత నాతో మెల్లగా అన్నాడు. "మీరు రెండుమాట్ల వచ్చిండ్రు, రెండుమాట్ల కంప్యూటర్ గుంజుకపోయిండ్రు. మీ తప్పనను. కాని ఒక్కనాడన్న కూసోలేదు సార్."

పక్కనే ఒక పెద్దాయన కొత్తగా కొన్న కోడె తాడును మణికట్టుకు చుట్టుకుని నిలబడ్డాడు. నేను ఆయన్నే అడిగాను. "దొంగ కాపీ ఉత్తగ దొరుకుతుంది కదా పెద్దమనిషీ, పైసలెందుకు పెడుతున్నవ్?"

"సూసిన సారూ. ఎవనిదో నెత్తి అడ్డమున్నది. దగ్గుడు, పిల్లల ఏడుపు. బొమ్మల వాళ్లు మాట్లాడేది మన మాట కదా, జర సాఫుగ ఇనాలె కదా? బజ్జీల పైసలే అంటున్నడు. ఇయ్యాల బజ్జీలు మానుకుంట."

సినిమా తీసిన కుర్రవాడు నా వెనకాలే ఉన్నాడు. పొద్దున మోకాళ్ల మధ్య చేతులు పెట్టుకుని కూర్చున్నవాడు ఆ పెద్దాయన ఫోన్ అడిగి తీసుకుని, యాప్ ఎక్కడ నొక్కాలో చూపించడం మొదలుపెట్టాడు. ఆ సినిమా తీసింది తానేనని చెప్పలేదు.

అప్పుడు కానిస్టేబుల్ నా చెవి దగ్గరికి వంగాడు. "సార్, కంప్యూటర్ల పాత దొంగ సిన్మాలు ఇంక ఉన్నయ్. కేసు రాద్దమా?"

నేను ఒక్క మాట అంటే చాలు. కంప్యూటర్ బండి ఎక్కేది, దుకాణం మూతపడేది, ఆ వార్త సంత దాటకముందే మూడు జిల్లాల సెల్ దుకాణాలకు పాకేది. పంపిణీ ఆఫీసు వాళ్లను నమ్మితే ఇంతే అని ఎవడూ ఆమె కార్డులు ముట్టుకోడు. చట్టం నా పక్కనే ఉంది. సేటు కూడా తప్పు పట్టలేడు. అడగగానే నా మనసు అవునంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"వద్దు. పాతవన్ని మన ముందట తీసేయమను, సాలు" అన్నాను.

అది నా మంచితనమని మీరు అనుకుంటే నాకు అభ్యంతరం లేదు, కానీ నిజం అది కాదు. పెద్దాయన కోడెతో నిలబడి ఉన్నాడు, కుర్రవాడు ఇంకా ఆ ఫోన్ మీదికి వంగే ఉన్నాడు, అంతమంది నా ముఖం చూస్తున్నారు. అక్కడ చెడ్డవాడు కావడానికి కావలసినంత ధైర్యం నాకు లేదు.

అంతకంటే కష్టమైన పని ఇంకా మిగిలింది. కార్డులు లేవని జనం గొడవ పెడుతున్నారు. నేనే ఆమెకు ఫోన్ చేయాల్సి వచ్చింది.

"బిడ్డా, పెబ్బేరుల కార్డులు అయిపోయినయంట."

అవతల ఆమె కేక పెట్టింది. ఎంత గట్టిగా అంటే కానిస్టేబుల్‌కూ వినిపించింది. "నిజంగనా సార్? అయిపోయినయా? నంబర్లు ఫోన్లనే పంపిస్త, కాగితం మీద రాసియ్యుమనుండ్రి! సార్, మీరు జర ఆడనే ఉండండ్రి, పోకుండ్రి!"

ఉన్నాను. రైడుకు వెళ్లినవాణ్ణి ఆ దుకాణం స్టూలు మీద కూర్చుని, నంబర్లు చదివి చెబుతూ సంత విడిచేదాకా ఉన్నాను. ఆమె కూర్చున్న స్టూలు అదే అయి ఉంటుంది.

ఇంటికి వచ్చేసరికి మా ఆవిడ మంచం మీద కూర్చుని ఫోన్ చూస్తోంది. నన్ను చూసి కూడా లేవలేదు.

"ఏం సూస్తున్నవ్?"

"మీ ఆఫీసు బొమ్మనే. పక్కింటామె పెట్టిచ్చింది. మస్తున్నది. నీతోటి పని చేసే గద్వాల పిల్లదే కదా ఈ ఉపాయం? ఎంత తెలివిగల్లదో!"

"అన్నం పెడతవా?"

"ఇంక జరంతనే ఉన్నది. నువ్వే పెట్టుకో."

పెట్టుకున్నాను. ఏం తిన్నానో గుర్తు లేదు.

దొంగ కాపీలు దానితో ఆగిపోలేదు. తర్వాత సాఫు కాపీలు కూడా బయటికి వచ్చాయి, ఉచితంగా చూసేవాళ్లు చూస్తూనే ఉన్నారు. కానీ అద్దెకు చూసేవాళ్లు కూడా అలాగే నిలబడిపోయారు. టాకీసుకు ఎన్నడూ రానివాళ్లు, రాలేనివాళ్లు వీళ్లలో ఎక్కువ. మానవపాడు కుర్రవాడు గండం గట్టెక్కి రెండో సినిమా మొదలుపెట్టాడు. పేపరువాళ్లు వచ్చి ఆఫీసులో అందరినీ నిలబెట్టి ఫోటో తీశారు. అచ్చులో మధ్యన ఆమె, పక్కన సేటు. చివర ఒక మోచేయి ఉంది, అది నాది.

సేటు నాకు కొత్త పని అప్పగించాడు. ఊరూరా సెల్ దుకాణాలకు తిరిగి కార్డులు ఇచ్చి రావాలి. ఒకప్పుడు నేను మూయించిన దుకాణాలే అవన్నీ. పోయిన చోటల్లా చాయ్ ఇచ్చారు. అందరూ 'సారు మారిపోయిండు' అనుకున్నారు. ఏమీ మారలేదు. ఆమె చేసిన చిన్న పొరపాట్లన్నీ నాకు నోటికి వచ్చు. ఎవరైనా ఆమెను మెచ్చుకుంటే 'అవునవును' అని రెండుసార్లు అనేవాణ్ణి. మనస్ఫూర్తిగా అనే మాటైతే ఒక్కసారితో సరిపోతుంది. ఇది మీరు గమనించి పెట్టుకోండి. ఆఫీసులో ఎవరైనా మిమ్మల్ని చూసి రెండుసార్లు 'అవునవును' అంటే, అతని బల్ల ఎక్కడ ఉందో ఒకసారి చూడండి.

నా రిటైర్మెంటు దగ్గరపడిన రోజుల్లో, తిమ్మాజిపేటలో కొత్త దుకాణం చూడటానికి ఆమే నేనూ ఆఫీసు జీపులో వెళ్లాం. పల్లికాయ పీకే కాలం. దారి పొడుగునా కుప్పలు. ఆమె చాలాసేపు ఆ కుప్పల వైపే చూస్తూ కూర్చుంది. తర్వాత హఠాత్తుగా అంది.

"సార్, ఒకటి చెప్తె కోపం చేయరు కదా? మీరంటె నాకు మస్తు కుళ్లు సార్."

నేను సరిగా విన్నానో లేదోనని ఆమె వైపు తిరిగాను. "నా మీదనా?"

"మీ మీదనే. మీరు ఇన్నేండ్లు టాకీసులల్ల నిలబడి జనం మొకాలు సూసిండ్రు. ఏ మాటకు నవ్విండ్రు, ఏడ కండ్లు తుడుసుకున్నరు, అన్ని మీకు తెలుసు. నా దగ్గర ఏమున్నది? అంకెలు. ఇంతమంది తీసుకున్నరు, ఇంతమంది నడుమల బంద్ చేసిండ్రు. బంద్ చేసిండ్రని తెలుస్తది గని, నవ్విండ్రని తెల్వదు. నేనిచ్చిన సిన్మా సూసి ఒక్క మనిషన్న నవ్వంగ ఎన్నడు సూడలే సార్. మీరు టాకీసు ముచ్చట్లు చెప్తుంటె నాకు కడుపు మండుతది."

ఆమె దగ్గర లేనిది ఒకటి నా దగ్గర ఉందని నాకు ఎన్నడూ అనిపించలేదు. ఒప్పుకుంటాను, లోపల తియ్యగానే ఉంది.

తిమ్మాజిపేట ఇంకా రానేలేదు, రోడ్డు పక్క కళ్లంలోంచి మాటలు వినిపించాయి. ఎక్కడో విన్న గొంతులు. మా ఆఫీసు అద్దెకిచ్చిన సినిమాలోవే. జీపు ఆపించాను. పది పన్నెండు మంది ఆడవాళ్లు పల్లికాయ తెంపుతూ కూర్చున్నారు. వాళ్ల మధ్య ఒక తట్టకు ఆనించి ఫోన్ పెట్టి ఉంది. చేతులు తెంపుతూనే ఉన్నాయి, కళ్లన్నీ అందులోనే.

ఆమె లోపలికి వెళ్లలేదు. ట్రాక్టరు ట్రాలీ పక్కన నిలబడింది. ఇంతలో సినిమాలో అత్తా కోడళ్ల మాట ఒకటి వచ్చింది. వాళ్లంతా ఒక్కసారిగా నవ్వారు. ఒక ముసలామె నవ్వలేక నవ్వలేక చేతిలో ఉన్న కాయలన్నీ ఫోన్ మీదికి విసిరింది. దాంతో మళ్లీ నవ్వులు.

నేను ఆ నవ్వు చూడలేదు, ఆమెను చూశాను. నోటికి చేయి అడ్డం పెట్టుకుని నిలబడింది, కళ్లలో నీళ్లు. ఆ ఒక్కటీ నాకు మాత్రమే ఉన్న ఆస్తి అని తెలిసి అరగంట కాలేదు, అదీ ఆమెకు దక్కింది.

ముసలామె మమ్మల్ని చూసింది. "ఎవరు కావాలె సారూ? మీరు సిన్మావోల్లా ఏంది?"

నేను ఆమెను వేలితో చూపించాను. "నేను కాదవ్వా. మీరు సూస్తున్న బొమ్మను ఇంటింటికి తెచ్చింది ఈ పిల్ల."

అంతా లేచారు. ఆమెను మధ్యలో కూర్చోబెట్టుకున్నారు. ఎవరి కూతురివని అడిగారు, గద్వాల అంటే చీరల ముచ్చట పెట్టారు. వచ్చేటప్పుడు ఆమె చున్నీ పరిపించి, నిండుగా పచ్చి పల్లికాయ పోసి మూట కట్టి ఇచ్చారు.

నాకూ ఇచ్చారు. గుప్పెడు.